ఎండకు మాడిన బయటి చెక్క: గీకి నిలబెట్టాలా, మార్చాలా, పీకేయాలా?

తిరుపతిలో ఇంటి బయట చెక్క పెట్టుకున్నవాళ్లకు నాలుగైదేళ్లు తిరిగేసరికి ఒక తగులాటం మొదలవుతుంది. బాల్కనీ హ్యాండ్‌రెయిల్ బూడిదరంగుకు తిరుగుతుంది. వాకిలి, అంటే తలుపు బిగించే చట్రం, దాని కాళ్ల దగ్గర పాలిష్ పొరలుగా లేస్తుంది. ఎలివేషన్ కోసం, అంటే ఇంటి ముందు గోడ అందానికి, కొట్టిన రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) వంకర్లు పోతాయి. పెయింటర్‌ను అడిగితే గీకి పీయూ (పాలీయురేథేన్ పాలిష్) కొట్టేద్దాం అంటాడు. ఆచారిని అడిగితే ఇందులో ఏముంది సార్, కొత్తది వేసేద్దాం అంటాడు. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలక) షాపులో అడిగితే అసలు చెక్క జోలికే పోవద్దంటారు. ఎవరి చేతిలో ఏ పని ఉంటే ఆ సలహానే వస్తుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

నా మట్టుకు నేను చెప్పేది ఇది. తలుపు వేలాడే చెక్కను, చేయి ఆనించే చెక్కను, బరువు మోసే చెక్కను గీకి బాగుచేసుకోవాలి. ఊరికే చూడ్డానికి పెట్టిన చెక్కకు పైన నీడ లేకపోతే తీసేయాలి. మొత్తంగా మార్చడం అనేది లోపల కుళ్లిందని తేలాకే. అది ఏ చెక్క, ఎంత పెట్టి కొన్నాం అన్నవి తర్వాతి సంగతులు. ముందు చూడాల్సింది అది ఏ పని చేస్తోంది, దాని మీద ఎండా వానా ఎంత పడుతున్నాయి అనేది.

చెక్కకు అసలు ఏమవుతోంది

మన దగ్గర వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అయితే చెక్క పైభాగాన్ని పాడుచేసేది వేడి కన్నా ఎక్కువగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు. చెక్కలో నారపోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని అవి విరగ్గొడతాయి. విరిగినదాన్ని వాన కడిగేస్తుంది. పైన పాలిపోయిన నారలు మిగిలి, వాటి మీద బూజూ దుమ్మూ చేరి బూడిదరంగు వస్తుంది. ఈ మార్పు పైపైనే. మంచి టేకైతే చిత్రిక ఒక్కసారి పట్టినా కింద పాత బంగారు రంగు కనబడుతుంది. కాబట్టి రంగు మారిందని కంగారు పడక్కర్లేదు.

కంగారు పడాల్సింది నీళ్లు నిలిచే చోట. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు తెచ్చే ఫంగస్ అందులో పెరగలేదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఉంటుంది, అదీ ముసురు పట్టిందంటే రోజుల తరబడి వదలదు. ఏప్రిల్, మే ఎండలకు పగిలిన పాలిష్ చీలికల్లోంచి ఆ నీళ్లు లోపలికి దిగుతాయి. దిగిన నీళ్లు పైనున్న పాలిష్ పొర వల్ల తొందరగా ఆరవు. అందుకే సగం ఊడిన పాలిష్ ఉన్న చెక్క, అసలేమీ పూయని చెక్క కన్నా త్వరగా పాడవుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి.

ఇంటి దిక్కు కూడా చూడాలి. ఉత్తరం వైపు కిటికీ పదేళ్లయినా బాగుంటుంది, అదే ఇంట్లో పడమటి కిటికీ మూడేళ్లకే పొట్టు లేస్తుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ దాని మొహం మీదే ఉంటుంది కదా. పైన సన్‌షేడ్ రెండడుగులు ఉంటే ఒక లెక్క, అడుగు ఉంటే ఇంకో లెక్క. ఇల్లంతటికీ ఒకే మందు వేయించుకోవాల్సిన అవసరం లేదు.

గుచ్చి చూడండి

ఎవర్నీ పిలవకముందే మీరే చేయగల పరీక్ష ఒకటుంది. సన్న మొన ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకుని అనుమానం ఉన్నచోట గుచ్చండి. గట్టి చెక్కలో మొన ఆగుతుంది, బలవంతం చేస్తే పొడుగాటి పేడు లేస్తుంది. కుళ్లిన చెక్కలో మెత్తగా దిగుతుంది, లేచిన ముక్క పొడిపొడిగా రాలుతుంది. గుచ్చాల్సిన చోట్లు: వాకిలి కాళ్ల కింది జానెడు, కిటికీ కింది అడ్డపట్టె, హ్యాండ్‌రెయిల్ అతుకులు, స్క్రూల చుట్టుపక్కల. చెక్క పక్కల కన్నా అడ్డంగా కోసిన కొస ఎన్నో రెట్లు ఎక్కువగా నీళ్లు పీలుస్తుంది, అందుకే కుళ్లు ఎప్పుడూ కాళ్ల దగ్గరా అతుకుల దగ్గరా మొదలవుతుంది.

తట్టి కూడా చూడాలి. డొల్లగా మోగితే చెదలు లోపలంతా తిని పైన రంగు పొరను మాత్రం వదిలిపెట్టి ఉంటాయి. మేకుల చుట్టూ నల్లటి మచ్చలు ఉంటే మాత్రం అది కుళ్లు అనుకోకండి. చెక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నలుపెక్కుతాయి, అంతే. గీకినా పోని ఆ మచ్చ ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లతో పోతుంది. అది విషం కాబట్టి గ్లవుజులు వేసుకోవాలి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి.

2021 నవంబరు వరదలో నీళ్లు నిలిచిన ఇళ్ల తలుపులకైతే ఈ పరీక్ష మరీ ముఖ్యం. అప్పట్లో పైన ఆరగానే పాలిష్ కొట్టించుకున్నవి ఉంటే కాళ్ల దగ్గర ఇప్పుడు గుచ్చి చూడండి.

గీకి నిలబెట్టడం

గుచ్చితే దిగలేదా, అయితే ఆ చెక్కను వదులుకోకండి. పాత టేకుకు ఉన్న చేవ, అంటే చెట్టు నడిమి ముదురు చెక్క, ఇప్పుడు దొరికే తోట టేకులో ఉండదు. పదిహేను, ఇరవై ఏళ్లకే కొట్టిన చెట్టులో చేవ తక్కువ, చుట్టూ ఉండే తెల్లచెక్క ఎక్కువ. ఆ తెల్లచెక్కకు చెదల్ని గానీ కుళ్లును గానీ తట్టుకునే గుణం లేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఇళ్లలో ఇంకా మిగిలిన తలుపులు, స్తంభాలు చూస్తే తేడా తెలుస్తుంది. బూడిదరంగుకు తిరిగిన పాత చెక్కను ఇచ్చేసి కొత్తది కొనడం చాలాసార్లు బరువైనదాన్ని ఇచ్చి తేలికదాన్ని తెచ్చుకోవడమే.

గీకడంలో అసలు ఖర్చు కూలిది, డబ్బాలది కాదు. పాత పాలిష్‌ను కొంతవరకు గాజుముక్కతోనో స్క్రేపర్‌తోనో లాగేయవచ్చు, మందంగా పేరుకున్న ఎనామిల్‌కు హీట్‌గన్ లేదా పెయింట్ రిమూవర్ కావాలి. తర్వాత 80 నంబరు ఉప్పు కాగితం, ఆపైన 120. లోపలి ఫర్నిచర్‌కు రుద్దినట్టు 220 దాకా పోనక్కర్లేదు. మరీ నున్నగా చేస్తే బయటి పూతకు పట్టు దొరకదు. అంచులు పదునుగా ఉంటే అక్కడ పూత పలచబడి అక్కడే ముందు పగులుతుంది కాబట్టి, అంచుల్ని కొద్దిగా గుండ్రం చేయించండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. పూత వేసేముందు థిన్నర్ గుడ్డతో తుడవకపోతే పీయూ అయినా వార్నిష్ అయినా సరిగ్గా అంటుకోదు. గీకిన చెక్కను వారాల తరబడి ఎండలో ఉత్తగా వదిలేయడం కూడా మంచిది కాదు. గీకిన వెంటనే మొదటి పూత పడాలి.

పాత ఇంటి రంగులు గీకేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా తడిపి రుద్దమనండి. మాస్కు పెట్టుకోవాలి, చిన్నపిల్లల్ని ఆ దరిదాపుల్లో ఉంచకూడదు, రాలిన పొట్టును ఊడ్చి మొక్కల్లో పోయకూడదు.

గీకాక ఏం పూయాలి అన్నదే అందరూ నన్ను అడిగేది.

నూనె పూత చవక, తేలిక, ఎప్పటికీ పొట్టు లేవదు. డబ్బా మీద టేకు బొమ్మ ఉన్నా లోపల ఉండేది ఎక్కువగా అవిసె నూనె, టంగ్ నూనె, థిన్నర్ల కలయిక. పడమటి ఎండలో ఇది కొన్ని నెలలకే వెలిసిపోతుంది. ముసురులో అవిసె నూనె మీద బూజు కూడా పడుతుంది. ఏడాదికి మూడుసార్లు గుడ్డ పట్టుకుని తుడిచే ఓపిక ఉంటే ఇది మంచిదే, హ్యాండ్‌రెయిల్ లాంటి చిన్న పనికి నేను ఇదే చెబుతాను. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: అవిసె నూనె తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరే క్రమంలో వేడి పుట్టి అవి తమంతట తామే అంటుకుంటాయి. విడదీసి ఆరేసి, లేదా నీళ్లలో ముంచి, తర్వాతే పారేయాలి.

వార్నిష్, పీయూ చూపుకు ఇంపు. అందుకే గృహప్రవేశానికి అందరూ ఇవే వేయిస్తారు. కానీ ఇవి వేయించుకున్నామంటే ఒక ఒప్పందానికి సంతకం పెట్టినట్టే. పడమట, దక్షిణాన ఏడాదికోసారి, పొర ఇంకా బాగుండగానే, పైపైన రుద్ది ఇంకో పూత వేయాలి. పొట్టు లేచేదాకా ఆగితే మళ్లీ చెక్కదాకా గీకాలి. మెలమైన్ పాలిష్, లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ లోపలి సామాను కోసం పుట్టినవి. వాటిని బయటి తలుపుకు వేసే పెయింటర్లు ఇంకా ఉన్నారు, డబ్బా మీద ఎక్స్‌టీరియర్ అని ఉందో లేదో మీరే చూసుకోవాలి. స్పార్ వార్నిష్ అని ఒకటుంది. తెరచాప పడవల కొయ్యస్తంభాల కోసం తయారైంది. గాలికి స్తంభం ఊగినప్పుడు పొర పగలకుండా కొంచెం సాగే గుణం దానికి ఉంటుంది, చెక్క ఉబ్బి కుంచించుకుపోయే మన తలుపులకూ ఆ గుణం పనికొస్తుంది. అన్నట్టు, ఆ పడవలవాళ్లలోనూ ఇదే తగువు. డెక్కు అంచున ఉండే టేకు పట్టీలను బూడిదరంగులోనే వదిలేసేవాళ్లు కొందరు, ఏటా వార్నిష్ వేసేవాళ్లు కొందరు, విసిగిపోయి పట్టీలు పీకేసి తూట్లు పూడ్చుకునేవాళ్లు కొందరు. సముద్రం లేని తిరుపతిలోనూ చివరికి తేలేవి అవే మూడు దారులు.

పెయింట్ అంటే చెక్క కనబడదని మొహం చిట్లిస్తారు గానీ, ఎండను ఆపడంలో దానికి సాటి లేదు. రంగులోని పిగ్మెంటు వెలుతురును చెక్కదాకా పోనివ్వదు, పారదర్శకంగా ఉండే ఏ పూతా అంతగా ఆపలేదు. పాత మిద్దె ఇళ్ల కిటికీలు ఆకుపచ్చ రంగులో అన్నేళ్లు నిలిచాయంటే కారణం అదే. వేప, మామిడి, మలేషియా సాల్ లాంటి చెక్కతో చేసిన పడమటి కిటికీలకు పీయూ మీద డబ్బు తగలేయకుండా ఎక్స్‌టీరియర్ ఎనామిల్ వేయించండి. అందం కోసం టేకును దాచుకోవడానికి మనసొప్పకపోవడం అర్థమవుతుంది. టేకు కాని చెక్కను టేకులా చూపించాలని తాపత్రయపడటమే నాకు అర్థం కాదు.

ఇక ఏమీ పూయకుండా వదిలేయడం. చేవగల టేకుకు, నీళ్లు జారిపోయే చోట, ఇది నిజంగానే ఒక దారి. కొన్నాళ్లు మచ్చలుమచ్చలుగా ఉండి తర్వాత అంతా ఒకే బూడిదరంగుకు వస్తుంది. మెత్తటి బ్రష్‌తో నారకు అడ్డంగా కడిగితే చాలు. కార్లు కడిగే ప్రెషర్ గన్ పెట్టారంటే మెత్తటి నార లేచిపోయి చెక్క మీద గాట్లు పడతాయి. వాకిలికి ఈ పద్ధతి మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు, పండగ నాడు పసుపు రాసే చోట బూడిదరంగు ఏమిటని అత్తమ్మలు ఊరుకోరు. పెరటి గేటు పలకలకు, డాబా మీది బల్లకు ఇది చాలు.

తీసేయడం

కొత్త లేఅవుట్లలో, రేణిగుంట రోడ్డు వైపూ తిరుచానూరు వైపూ, ఎలివేషన్‌కు చెక్క పట్టీలు కొట్టడం ఫ్యాషన్ అయింది. వాటిలో చాలావరకు పైన్ చెక్క. మందు పట్టించని పైన్‌ను మన ఎండలో వానలో నిలబెట్టడం అంటే తెలిసి తెలిసి చెడగొట్టుకోవడం. పైన చజ్జా లేదు, చేరడానికి నిచ్చెన కావాలి, ప్రతిసారీ గోడ మీద రంగు పడకుండా టేపు అంటించాలి. అలాంటివి తీసేయండి. పూతకు పెట్టే డబ్బు రెండుసార్లు మిగిలితే తీసేసిన ఖర్చు వచ్చేస్తుంది.

అలాగని తీసేయడం ఉచితం కాదు. పట్టీల వెనక గోడ పాత రంగులో మెరుస్తూ ఉంటుంది, పక్కన వెలిసిపోయి ఉంటుంది. డబ్బా పాతదే ఉన్నా ఆ చారలు కలవవు. కనీసం ఆ గోడ అంతా, మూల నుంచి మూల దాకా, మళ్లీ వేయాలి. కాబట్టి ఇంటికి ఎలాగూ రంగులు వేయించే ఏడాదే పట్టీలు తీసే పని పెట్టుకోండి. స్క్రూ తూట్లను మామూలు పుట్టీతో నింపి వదిలితే అందులోంచి నీళ్లు గోడలోకి దిగుతాయి. తూటులోని ప్లాస్టిక్ ప్లగ్గు లాగేసి, దుమ్ము ఊది, బయటి పగుళ్లకు వాడే ఫిల్లర్‌తో నింపి, ఆరాక ఎక్స్‌టీరియర్ పుట్టీ పెట్టించాలి.

తీసేటప్పుడు రంగు అతుక్కున్న గీత వెంబడి ముందు కత్తితో గీయాలి, లేకపోతే చెక్కతోపాటు ప్లాస్టరింగ్ ఊడి వస్తుంది. కొసల దగ్గర కాకుండా మధ్యలోంచి కొద్దికొద్దిగా ఎత్తాలి. ఊడని తుప్పు స్క్రూ ఉంటే వెనకనుంచి హ్యాక్సా బ్లేడుతో కోయడం తేలిక. వచ్చిన చెక్క టేకైతే దాన్ని అమ్మకండి. పాత సామాన్ల వాళ్లు కట్టె బరువుకు కట్టే ధర దాని విలువకు దరిదాపుల్లో ఉండదు. ఇంట్లో ఏ అలమర తలుపుకో అతుకు వేయడానికి అంతకన్నా మంచి చెక్క దొరకదు.

మార్చడం: ముందు వాకిలి గురించి

వాకిలి కాళ్లు కుళ్లడం మన వైపు చాలా ఇళ్లలో చూస్తాం. కారణం వాన ఒక్కటే కాదు. రోజూ గడప కడుగుతాం, శుక్రవారం పసుపు నీళ్లతో కడుగుతాం, ముగ్గుకు చల్లిన నీళ్లు కాళ్ల మొదట్లో నిలుస్తాయి. వాకిలి నిలబెట్టేటప్పుడు కాలి కొసను నేలలోకి దించి సిమెంటు కప్పేసి ఉంటారు. అక్కడ నీళ్లు పోవడానికి దారి లేదు. పాత ఇళ్లలో అరుగు మీది కొయ్య స్తంభాన్ని నేలకు ఆనించకుండా రాతి దిమ్మ మీద నిలబెట్టేవారు. అదే తెలివి వాకిలి దగ్గర మనం మర్చిపోయాం.

కింది జానెడు మాత్రమే కుళ్లి పైదంతా గట్టిగా ఉంటే వాకిలి మొత్తం పీకకండి. పీకితే గోడలో దిగ్గొట్టిన హోల్డ్‌ఫాస్టులు (చట్రాన్ని గోడకు పట్టి ఉంచే ఇనప పట్టీలు) కోయాలి, రెండువైపులా ప్లాస్టరింగ్ పగులుతుంది, టైల్స్ పోతాయి, బేల్దారి పని ఆచారి పని కన్నా ఎక్కువవుతుంది. దానికి తోడు ముహూర్తం, మంచి నెల అంటూ ఇంట్లో చర్చ. కుళ్లిన కాలును గట్టి చెక్క వచ్చేదాకా వాలుగా కోసి, అదే కొలతకు చేవగల టేకు ముక్కను వాలు అతుకుతో బిగించవచ్చు. అతుకు వాలు బయటికి ఉండాలి, నీళ్లు అందులోకి జారకుండా. తడికి ఆగే ఎపాక్సీ బంక, స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడాలి. సముద్రానికి దూరంగా ఉన్నాం కాబట్టి 304 రకం స్టీలు చాలు. కొత్త ముక్క కింది కొసకు ముందే రెండు మూడుసార్లు ఎపాక్సీ పట్టించి, నేలకు తగలకుండా గ్రానైటు ముక్క మీద ఆనించాలి. ఈ పనికి ఓపిక ఉన్న ఆచారి కావాలి. ఎం-సీల్ పూడ్చి రంగు కొట్టేస్తానన్నవాడికి నమస్కారం పెట్టి పంపేయండి. కుళ్లు తీయకుండా పైన పూడిస్తే లోపలిది అలాగే సాగుతుంది.

గడప సంగతి వేరే. నగిషీ లేని మామూలు గడప కుళ్లితే గ్రానైటు వేసుకునేవాళ్లు పెరిగారు. కుప్పం గ్రీన్ లాంటి రాయి మన పాత చిత్తూరు జిల్లా నుంచే వస్తుంది, రోజూ నీళ్లు పోసినా చెక్కు చెదరదు. గడప చెక్కదే ఉండాలని పట్టుదల ఉంటే అది మీ ఇష్టం, దాన్ని నేను వాదించి కాదనను. ఇత్తడి రేకు తొడిగించేవాళ్లు మాత్రం ఒకటి గమనించండి: రేకు మేకుల తూట్లలోంచి నీళ్లు దిగి కింద చిక్కుకుంటాయి. రేకు కింద ముందే చెక్కకు పూత వేయించి, మేకులు పైన కాకుండా పక్క అంచుల్లో కొట్టించాలి.

నగిషీ ఉన్న వాకిలిలో ఒక ముక్క పోతే దానికి సరిపోయేలా చెక్కించుకోవడానికి ఏర్పేడు దగ్గరి మాధవమాల పోతే పని అవుతుంది. దేవుడి బొమ్మలు చెక్కే చేతులు అవి. ఎర్రచందనంతో చేయించుకోండి, తెలిసినవాళ్ల దగ్గర ఉంది అని ఎవరైనా చెవిలో చెబితే మాత్రం అక్కడినుంచి లేచి రండి. అనుమతి పత్రాలు లేని ఎర్రచందనం ఇంట్లో ఉండటమే కేసు. శేషాచలం పక్కన ఉండేవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

కొత్త టేకు కొనాల్సి వస్తే లెక్క మీరే కట్టుకోండి. పొడవు అడుగుల్లో, వెడల్పు మందం అంగుళాల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, 5 అంగుళాలు 3 అంగుళాల మందం ఉన్న వాకిలికి గడపతో కలిపి దాదాపు 2.3 ఘనపుటడుగులు. డిపోలో మూడున్నర చెబితే తరుగు ఎంత వేశారో అడగండి. బర్మా, ఘనా, నైజీరియా అనే పేర్ల కన్నా మీ కళ్లకు కనబడే తెల్లచెక్క ఎంత, చీలికలు ఎన్ని, చెక్క ఆరిందా లేదా అన్నవే ముఖ్యం. పచ్చి చెక్కతో చేసిన వాకిలి మొదటి వేసవికే మూలల్లో విడుతుంది.

చెక్క బదులు ఇంకేదైనా

డబ్ల్యూపీసీకి చెదలు పట్టవు, కుళ్లదు. అదంతా నిజమే. కానీ అది వేడికి సాగుతుంది. అసలు పీవీసీ అయితే పదడుగుల పట్టీ 40 డిగ్రీల తేడాలో 8 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. చెక్కపొడి కలిసినందువల్ల డబ్ల్యూపీసీ కొంత తక్కువ సాగినా, సందు వదలకుండా బిగిస్తే మేలో ఉబ్బుతుంది. ముదురు రంగు పట్టీ ఎండలో ఇంకా వేడెక్కుతుంది. పడమటి గోడకు లేత రంగు తీసుకుని, పట్టీల మధ్య సందు వదిలి, స్క్రూ తూటు కొంచెం పొడుగ్గా చేయించాలి. తలుపు బరువు మోసే ఫ్రేముకు దీన్ని తీసుకుంటే లోపల గుల్ల లేని మందపాటిదే తీసుకోండి. బాత్రూం తలుపు ఫ్రేముకు ఇది ఎంత మంచిదో, సింహద్వారానికి అంత బాగుండదని నా అభిప్రాయం.

ఎలివేషన్‌కైతే చెక్కరంగు పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. పదడుగులకు మూడు మిల్లీమీటర్లు మించి సాగదు, బరువు తక్కువ. దగ్గరికి వెళ్తే చెక్క కాదని తెలిసిపోతుంది, రోడ్డు మీద నుంచి తెలియదు. బయటి రకం హెచ్‌పీఎల్ (గట్టిగా ఒత్తి చేసిన లామినేట్) షీట్లు కూడా నిలుస్తాయి, కానీ వాటిని గోడకు నేరుగా అంటించకూడదు. వెనక ఫ్రేము, గాలి ఆడే సందు ఉండాలి. చవకలో కావాలంటే సిమెంటు ఫైబర్ పలకలకు రంగు వేయించుకోవచ్చు, అంచులు దెబ్బ తగిలితే విరుగుతాయి కాబట్టి చేతికందే ఎత్తులో వద్దు.

మెరైన్ ప్లై అని పేరు చూసి బయట వాడేవాళ్లున్నారు. ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి మన దేశపు ప్రమాణం) ముద్ర ఉన్న ప్లైలో బంక 72 గంటలు ఉడకబెట్టినా విడిపోకూడదు, ఆ పరీక్ష బంకకు. పైనున్న పలచటి చెక్క పొర మాత్రం ఎండకు మామూలుగానే పగులుతుంది, అంచులు నీళ్లు తాగుతాయి. పెయింట్ వేసి అంచులు మూస్తే తప్ప బయట దానికి చోటు లేదు.

ఎప్పుడు, ఎలా చేయించాలి

సంక్రాంతి దాటాక మార్చి లోపు ఈ పనులకు అనువైన కాలం. ముసురు తడి ఆరి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. మే మధ్యాహ్నం వార్నిష్ వేస్తే పైపొర ముందే గట్టిపడి లోపల బుడగలు మిగులుతాయి. ఏ నెలైనా, ఎండ పడే గోడకు నీడ వచ్చిన పూటే పూత వేయించాలి. వేడెక్కిన చెక్క రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పూతను పొంగిస్తుంది.

గీకే పనిని గుత్తకు ఇవ్వకండి. గుత్తకు ఇస్తే మొదట తగ్గేది గీకడమే, ఎందుకంటే పూత పడ్డాక ఎంత గీకారో ఎవరికీ కనబడదు. రోజు కూలికి ఇచ్చి, గీకడం అయ్యాక మీరు చూసి ఒప్పుకున్న తర్వాతే డబ్బా తెరవాలని ముందే మాట్లాడుకోండి. డబ్బాలు మీరే కొనండి. రెండు భాగాల పీయూ అయితే హార్డ్‌నర్ కలిపిన కొన్ని గంటల్లోనే గట్టిపడుతుంది, ఆ పూటకు సరిపడా మాత్రమే కలపమనండి. నిన్న కలిపి మిగిలినదాన్ని థిన్నర్ పోసి ఈరోజు వాడబోతే ఆపేయండి. ఏ కంపెనీ, ఏ రకం, ఎన్ని పూతలు, ఏ తేదీన వేశారో డబ్బా మూత మీద మార్కర్‌తో రాసి మేడమెట్ల కింద పెట్టుకోండి. వచ్చే ఏడాది పై పూతకు వచ్చేవాడు మొదట అడిగేది అదే.